ఎరుపు మీద 6,400

గోవాలో, పణజి క్యాసినో టికెట్ కౌంటర్ దగ్గర మా బావని ముందు ఆపింది చెప్పుల గురించి. నిక్కరు, చెప్పులు వేసుకున్న మగవాళ్ళని క్యాసినో పడవలోకి రానివ్వరట. బావ రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే మనిషి. పెళ్ళిళ్ళకి కూడా ఆ తోలు చెప్పులతోనే వెళ్తారు. చేసేది లేక వెనక్కి నడిచి బజారులో 650 పెట్టి నల్ల బూట్లు కొన్నారు. "ఆట మొదలవకుండానే 650 పోయింది, రాసుకోరా" అన్నారు. నేను నిజంగానే రాసుకున్నాను. భీమవరంలో మేత డీలర్ దగ్గర పదేళ్ళుగా లెక్కలు రాస్తున్నవాడిని, చెయ్యి ఊరుకోదు.

ఇది 2023 ఫిబ్రవరి సంగతి. ఆ ఏడు బావకి చెరువు కలిసొచ్చింది. రొయ్యలకి వైట్ స్పాట్ జబ్బు రాలేదు, కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క, బాగా పడింది. "ఏడాదంతా ఆడే జూదం ఎలాగూ ఉంది, ఒక్క రాత్రి లైట్ల కింద ఆడొద్దాం" అని బయల్దేరదీశారు. అక్క ఒక షరతు పెట్టింది. ఆటకని తీసిన 30,000లో ఆయన చేతికి 10,000 మాత్రమే ఇవ్వాలి. మిగతాది నా దగ్గరే ఉండాలి. "కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వకు" అని నా చేత ఒట్టు వేయించుకుంది.

రాత్రి విజయవాడలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు మధ్యాహ్నం దాటాక మడగావ్‌లో దిగాం. క్యాసిల్ రాక్ స్టేషన్ దాటాక ఘాట్‌లో దూధ్‌సాగర్ జలపాతం పక్కనుంచే పోతుంది రైలు. ఫిబ్రవరి కదా, కొండ మీద తెల్లదారం వేలాడేసినట్టుంది అంతే. బావ ఆ టైముకి నిద్రలో ఉన్నారు.

హోటల్ నుంచి జెట్టీకి తీసుకెళ్ళిన టాక్సీ అతను గోవా వాడే. వారానికి ఎంతమంది తెలుగువాళ్ళని దింపుతాడో లెక్కలేదట. "నువ్వెప్పుడైనా ఆడావా?" అని హిందీలో అడిగితే నవ్వాడు. 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాళ్ళకి క్యాసినోల్లో ప్రవేశం లేదు. ఊళ్ళో జనాన్ని గుమ్మంలోనే ఆపి, బయటినుంచి వచ్చినవాళ్ళని బొకే పట్టుకుని పిలిచే వ్యాపారం మరొకటి ఉందేమో నాకు తెలీదు. వీటికి అనుమతి వచ్చిన దారి కూడా చిత్రమే. గోవా జూద నిషేధ చట్టం 1976ది. దాన్ని 1992లో సవరించి అయిదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ మెషిన్లకి అనుమతిచ్చారు. 1996లో నీటి మీది ఓడల్లో టేబుల్ ఆటలకి కూడా సరే అన్నారు. అందుకే ఇవన్నీ మాండవి నదిలో లంగరు వేసుకుని కూర్చున్నాయి. ఒడ్డు నుంచి చూస్తే తీర్థంలో ప్రభల్లా ఉన్నాయి.

మనిషికి 2,500 టికెట్. అందులోనే తిండి, మందు, 1,000 రూపాయల చిప్స్, అంటే పందెం బిళ్ళలు. ఆ చిప్స్ ఆడటానికే తప్ప డబ్బుగా మార్చుకోవటానికి పనికిరావు. ఆధార్ చూసి 21 దాటిందని తేల్చుకున్నాక చిన్న పడవలో పెద్ద ఓడకి చేర్చారు. అయిదు నిమిషాల ప్రయాణం. నది మీది అటల్ సేతు వంతెన తీగల మీద రంగులు మారుతున్నాయి. బావ కొత్త బూట్లు కరుస్తున్నాయని ఒక కాలు మార్చి ఒక కాలు మీద నిలబడ్డారు.

లోపల అడుగుపెట్టగానే మా ఇద్దరినీ లాగింది అందర్ బాహర్ టేబుల్. మన లోనా బయటానే. చుట్టూ జనం మూడు వరసలు, అందులో సగం తెలుగే. "బయట వెయ్యి, బయట వెయ్యి" అని ఎవరో అరుస్తుంటే సంక్రాంతికి కోడిపందాల బరి పక్కన టెంటులో ఉన్నట్టే అనిపించింది. ఆట అదే. ఒక ముక్క తీసి మధ్యలో పెడతారు. తర్వాత ఒకటి లోపలికి, ఒకటి బయటికి వేసుకుంటూ పోతారు. అదే అంకె ముక్క ఎటు పడితే అటు గెలుపు. తేడా ముక్కలు వేసే డీలరమ్మాయి మెడలో బో టై, నెత్తిన కెమెరా. ఇంకో తేడా నాకు బాగా నచ్చింది. మా ఊరి టెంటులో ఆట నడిపేవాడు ఎంత తీసుకుంటున్నాడో మనకి అంతుపట్టదు. ఇక్కడ టేబుల్ గుడ్డ మీదే అచ్చేసి ఉంది. మొదటి ముక్క పడే వైపు గెలిస్తే వందకి 90 ఇస్తారు, రెండో వైపుకి వందకి వంద. ఎందుకంటే మొదటి ముక్క పడే వైపుకి గెలిచే అవకాశం వందలో 51 పైచిలుకు. ఆ కాస్త మొగ్గుని వాళ్ళు ఆ పది రూపాయల్లో కోసేసుకుంటారు. రెండో వైపు కాస్తే ఆ మొగ్గు ఎలాగూ మనకి ఉండదు. ఎటు తిరిగినా వందకి రెండు మూడు రూపాయలు వాళ్ళవి. మోసం అక్కర్లేదు.

బావ ఉచిత చిప్స్ అక్కడే అయిపోయాయి. ఇంకో 700 కూడా పోయాక ఆయన రూలెట్ వైపు, అదే గోళీ తిరిగే చక్రం వైపు వెళ్ళారు. నేను బ్లాక్‌జాక్ టేబుల్ వెతుక్కున్నాను. రైల్లో వచ్చేటప్పుడు ఏ ముక్కలొస్తే ఏం చెయ్యాలో చెప్పే దాని పట్టిక ఒకటి బట్టీ పట్టాను మరి.

కొత్తవాళ్ళకి ఒక మాట. టేబుల్ దగ్గర నోట్లు డీలర్ చేతికి ఇవ్వబోతే తీసుకోరు. గుడ్డ మీద పెట్టాలి. అతను వాటిని విసనకర్రలా పరిచి, కెమెరాకి కనిపించేలా లెక్కపెట్టి, చెక్కతో గల్లాపెట్టె సందులోకి నెట్టేస్తాడు. నా ఎనిమిది అయిదువందల నోట్లు ఒక్క నెట్టుతో మాయమయ్యాయి. బదులుగా ఎనిమిది బిళ్ళలు. నోటు మీద గాంధీ తాత ఉంటాడు, బిళ్ళ మీద ఎవరూ ఉండరు. అయిదు నిమిషాల్లో వాటిని నేను "రెండు", "ఒకటి" అని లెక్కపెట్టుకోవటం మొదలుపెట్టాను, "వెయ్యి", "అయిదువందలు" అని కాదు. అది నాకే భయం వేసింది.

బ్లాక్‌జాక్‌లో మన పోటీ డీలర్‌తోనే. 21 దాటకుండా అతనికన్నా పైన ఉండాలి. బొమ్మలన్నీ 10, ఆసు 1 గానీ 11 గానీ. డీలర్‌కి సొంత తెలివి ఉండదు. 16 దాకా ముక్క తీసి తీరాలి, 17 వస్తే ఆగి తీరాలి. ముక్క కావాలంటే వేలితో గుడ్డ మీద తట్టాలి, వద్దంటే అరచెయ్యి అడ్డంగా ఊపాలి. నోటితో చెబితే చాలదు, కెమెరాకి చెవులు లేవు. పట్టిక ప్రకారం ఆడితే, మొదటి రెండు ముక్కలకే 21 వచ్చినప్పుడు 2కి 3 చొప్పున ఇచ్చే టేబుల్ అయితే, క్యాసినో తీసుకునేది వందకి అర రూపాయి దగ్గర. 5కి 6 ఇచ్చే టేబుల్ అయితే లేచి వెళ్ళిపోవాలి. డీలర్ ఆసు చూపించి "ఇన్సూరెన్స్?" అంటే తల అడ్డంగా ఊపాలి. పేరు చూసి ఎల్ఐసీ పాలసీ అనుకుంటే బోర్లాపడతాం, అది ఇంకో పందెం అంతే.

నాకు 16 వచ్చింది, డీలర్‌కి పది. పట్టిక తియ్యమంటుంది. తట్టాను, మూడు పడింది, 19. నా పక్కన, చివరి కుర్చీలో ఒక గుజరాతీ పెద్దాయన, ఆయనకీ 19. డీలర్ తీశాడు: అయిదు, తర్వాత ఆరు. 21. ఇద్దరివీ ఊడ్చేశాడు. పెద్దాయన నా వైపు తిరిగి, నువ్వు ఆగి ఉంటే ఆ మూడు అతనికి పడేది, 18తో ఆగిపోయేవాడు, నా డబ్బు నువ్వు పోగొట్టావు అని హిందీలో క్లాసు పీకాడు. లెక్క కరెక్టే. కానీ పెట్టెలో ఏ ముక్క ఉందో నాకేం తెలుసు? రెండు ఆటల తర్వాత అదే నా తట్టుడు వల్ల ఆయన గెలిచాడు. ఆయన బిళ్ళలు సర్దుకున్నాడే తప్ప నా వైపు చూడలేదు. రెండు గంటల్లో నాది 1,000 పోయింది. అంతసేపు కూర్చున్నందుకు పెద్ద నష్టమేం కాదనిపించి లేచాను.

బావ రూలెట్ దగ్గర వెలిగిపోతున్నారు. "సిస్టమ్ దొరికిందిరా" అన్నారు. ఎరుపు మీద 200. పోతే 400. పోతే 800. ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు పడక తప్పదు, పడగానే పోయిందంతా వచ్చి పైన 200 లాభం. అప్పటికి తొమ్మిది సార్లు అలా గెలిచారు, 1,800 లాభం. ఆయన దగ్గర 11,100 ఉంది.

చక్రంలో 37 గళ్ళు. ఎరుపు 18, నలుపు 18, ఆకుపచ్చ సున్నా ఒకటి. ఒక అంకె మీద కాసి గెలిస్తే 35 రెట్లు ఇస్తారు. 37 గళ్ళున్న చోట 35 రెట్లు ఇవ్వటంలోనే వాళ్ళ బతుకుంది, వందకి 2.7. గంటకి ఓ 40 సార్లు చక్రం తిరిగిందనుకుంటే, తిరిగినప్పుడల్లా 200 కాసేవాడు సగటున గంటకి 216 రూపాయలు కుర్చీకి అద్దె కట్టినట్టు. ఇది బావకి చెప్పాను. "నువ్వు పద్దులు రాసుకో" అన్నారు.

పక్కన స్క్రీన్ మీద వరసగా మూడు నలుపులు కనిపిస్తున్నాయి. ఇంకేం, ఎరుపు వస్తుందని 200 పెట్టారు. 8, నలుపు. 400 పెట్టారు. 22, నలుపు. 800కి సున్నా పడింది. "ఆకుపచ్చేంటి మధ్యలో?" అని బావ నిజంగా ఆశ్చర్యపోయారు, రెండు గంటల్నుంచి దాని ముందే కూర్చుని. 1,600కి 31. 3,200కి 17. రెండూ నలుపే. మొత్తం 6,200 వెళ్ళిపోయింది. వరసగా అయిదుసార్లు తప్పటం దాదాపు 28 సార్లలో ఒకసారి జరిగేదే, ఆ చోట అది వింతేం కాదు. 1913 ఆగస్టులో మాంటే కార్లోలో 26 సార్లు వరసగా నలుపు పడి, ఎరుపు మీద కాసినవాళ్ళు కుప్పలు కుప్పలుగా పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదు. ఆ స్క్రీన్ పెట్టింది మనకోసం.

ఇప్పుడు 6,400 పెట్టాలి. ఆయన దగ్గర 4,900 ఉంది.

"1,500 ఇవ్వరా."

నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

"అక్కతో నేను చెప్పుకుంటాను. 1,500. మళ్ళీ అడగను."

"బావా, మీరు లేవండి. తిందాం పదండి."

"ఉన్న 4,900 పెట్టు" అని పక్కనున్న కుర్రాడెవరో తెలుగులో సలహా ఇచ్చాడు. బావ తల ఊపలేదు. సిస్టమ్ అంటే సిస్టమే, 6,400 అంటే 6,400. ఆయన చేతిలో బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పడుతూ టిక్కు టిక్కుమంటున్నాయి. డీలర్ గోళీ వదిలింది. అది అంచు మీద గుండ్రంగా పరిగెడుతుంటే బావ నా మొహం చూస్తున్నారు, చక్రాన్ని కాదు. "నో మోర్ బెట్స్" అని ఆమె చెయ్యి అడ్డంగా తిప్పింది.

23. ఎరుపు.

డీలర్ ఆ అంకె మీద గాజు బొమ్మ పెట్టి ఓడిన బిళ్ళలన్నీ ఊడ్చేసింది. బావ లేచి, ఒక్క మాట మాట్లాడకుండా పై అంతస్తుకి వెళ్ళి రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నారు. తిన్నాక మళ్ళీ లోనా బయటా దగ్గరకి వెళ్ళారు. తెల్లవారుజామున నాలుగింటికి ఒడ్డుకి వచ్చేసరికి ఆయన దగ్గర 1,200 మిగిలింది.

(ఆ అక్టోబరు నుంచి చిప్స్ కొన్న మొత్తం మీదే 28 శాతం జీఎస్టీ వేశారు. 2025 సెప్టెంబరులో దాన్ని 40 చేశారు. నేను పైన రాసిన వందకి అర, వందకి 2.7 లెక్కలు ఇప్పుడు వెళ్ళేవాళ్ళకి చాలవు.)

తిరుగు రైల్లో హుబ్బళ్ళి దాకా బావ మాట్లాడలేదు. హుబ్బళ్ళిలో టీ తాగుతూ ఎదురు బెర్తు ఆయనకి మొత్తం చెప్పారు. "1,500 దగ్గర ఆపేశాడండీ వీడు." ఆయన కూడా నన్ను అదోలా చూశాడు. బళ్ళారి వచ్చేసరికి పక్క కూపే వాళ్ళకి కూడా తెలిసిపోయింది.

ఇంటికెళ్ళాక అక్కకి పద్దు చూపించాను, బూట్ల 650తో సహా. 1,500 అడిగినా ఇవ్వలేదని చెబితే "మా నాయనే, మంచి పని చేశావు" అని నా తల నిమిరింది. బావ కుర్చీలో వెనక్కి వాలి, "తర్వాత ఏం పడిందో కూడా చెప్పు" అన్నారు.

చెప్పాను. అక్క కాసేపు ఆలోచించింది.

"ఆ ఒక్కసారికి ఇవ్వాల్సింది కదరా" అంది.