కొర్రలు తిని తగ్గానని చెప్పుకున్నందుకు

గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ అయి నిన్ననే ఇంటికొచ్చాను. రక్తపరీక్షలు, ఈసీజీ, ఇన్సూరెన్స్ అన్నీ ఒక్కరోజులో తేలిపోయాయి. చెప్పాల్సింది మొదటిసారి ఆపరేషన్ ఆగిపోయిన రోజు గురించి.

ఆరు నెలలుగా బరువు తగ్గడానికి వారానికోసారి మౌంజారో ఇంజెక్షన్ వేసుకుంటున్నాను. చుట్టాలకు మాత్రం కొర్రలన్నం, వాకింగ్ అని చెప్పాను. ఆసుపత్రిలో ఫారం నింపిన అబ్బాయి తలెత్తకుండా "షుగర్ మందులేమైనా?" అన్నాడు. నాకు షుగర్ లేదు, లేదన్నాను. అడిగినదానికేగా జవాబు చెప్తాం! బరువు మందుల గురించి ఆ ఫారంలో ఒక్క గడి కూడా లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున గౌను వేసి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. పక్కనే మా ఆడపడుచు. మత్తు డాక్టరమ్మ కాగితాలు తిప్పుతూ, "పాత రిపోర్టులో 84 కిలోలు, ఇప్పుడు 73. ఇంజెక్షన్ తీసుకుంటున్నారా?" అన్నారు. కాస్త పక్కకు పిలిచి అడగొచ్చు కదా! నేను నీళ్లు నమిలాను. "దాస్తే మీకే ప్రమాదమమ్మా" అనేసరికి చెప్పేశాను, చివరి డోసు మూడు రోజుల కిందట అని. నా మాట నమ్మి ఆర్నెల్లుగా కొర్రలు తింటున్న మా ఆడపడుచు ముఖం అప్పుడు చూడాల్సింది.

డాక్టరమ్మ పొట్ట మీద జెల్ రాసి స్కాన్ చేశారు. రాత్రి 8 గంటలకు తిన్న ఉప్మా పన్నెండు గంటలైనా కడుపులోనే ఉంది. ఈ మందుతో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుందట. మత్తులో ఉండగా అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందట. రెండు రోజులుగా ఉన్న వికారం రాళ్ల వల్లే అనుకున్నాను. బరువు వేగంగా తగ్గినా ఆ రాళ్లు వస్తాయని కూడా అక్కడే తెలిసింది. ఆపరేషన్ వాయిదా.

రెండోసారి ఆ వారం డోసు మాన్పించారు. ముందురోజంతా కొబ్బరినీళ్లు, వడగట్టిన చారు వంటి ద్రవాలే. స్కాన్‌లో కడుపు ఖాళీ. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2023లో వారం ముందే ఆపమందట. 2024లో వేరే సంఘాలతో కలిసి, చాలామంది ఆపక్కర్లేదు, మనిషిని బట్టి చూడండి అందట. కాబట్టి నేను మానేశానని మీరు మానకండి, షుగర్‌కి ఇదే మందు వాడేవాళ్లు సొంతంగా అసలే మానొద్దు. మా బావగారికి మాత్రం డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రను ఆపరేషన్‌కు 3 రోజుల ముందే ఆపించారు. అది కడుపు గొడవ కాదు, షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగొచ్చని.

నిన్న సాయంత్రం ఆడపడుచు చూడ్డానికొచ్చింది. పళ్లు కాదు, రెండు కిలోల కొర్రలు తెచ్చి నా మంచం పక్కన పెట్టింది.