నా అనుభవం: చిత్తూరులో పాత టాకీసు పైకప్పును దక్కించుకున్న తీరు

పాత సినిమా హాలును కాపాడదామని ఎవరు ముందుకొచ్చినా మొదట చెయ్యి పెట్టేది ముఖభాగం మీదే. రోడ్డున పోయేవాళ్లకు కనిపించేది అదే మరి. చిత్తూరు టాకీసు పని మొదలెట్టినప్పుడు యజమాని కూడా అదే అడిగారు: "ముందు ఎలివేషన్ చేసేయండి సార్, మిగతాది మెల్లగా చూసుకుందాం." నేను ఒప్పుకోలేదు. హాలు పాడవడం మొదలయ్యేది పైకప్పు నుంచి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వాన ఎక్కడ లోపలికి దిగుతోందో తేల్చకుండా వేసిన రంగు మరుసటి ఏడాదికే పెచ్చులుగా రాలుతుంది.

చట్టం కాపాడుతుందని కూర్చుంటే లాభం లేదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టం కింద రక్షణ దొరకాలంటే కట్టడానికి కనీసం 100 ఏళ్లుండాలి. మన టాకీసుల్లో చాలావాటికి అంత వయసు లేదు. కాబట్టి సొంతదారు మనసు, ఆ స్థలానికి ఏదో ఒక వాడకం, ఈ రెండే దిక్కు. ముంబై రాయల్ ఒపేరా హౌస్ 1993లో మూతపడినా, సొంతదారులు పట్టు వదలకపోబట్టి 2016లో మళ్లీ తెరుచుకుంది. చెన్నై మౌంట్ రోడ్డులోని ఎలక్ట్రిక్ థియేటర్ తపాలా శాఖ చేతిలో పడి స్టాంపుల కేంద్రంగా బతికింది. అదే ఊళ్లో మన రఘుపతి వెంకయ్య 1914లో కట్టించిన గెయిటీ నేలమట్టమైంది. తెలుగువాళ్లు ఆ హాలును పోగొట్టుకోకుండా ఉండాల్సిందని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చిత్తూరు హాలుకు రెండు రకాల కప్పులున్నాయి. టికెట్ల గది, వసారా, పైన ఆపరేటర్ గది మీద మద్రాసు మిద్దె. ప్రేక్షకులు కూర్చునే భాగం మీద ఇనుప ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు చట్రాలు), వాటిమీద ఆస్‌బెస్టాస్ రేకులు.

మద్రాసు మిద్దెలో టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేరుస్తారు. వాటిమీద మూడంగుళాల సున్నపు కాంక్రీటు, ఆపైన పలక పెంకులు. ఇది చెడేది పిట్టగోడ మొదట్లో, దూలం గోడలోకి దూరిన చోట. కారుతోందని ఎవరో ఒకరు పైన సిమెంటు పూత పూస్తారు. అది బీటలిచ్చి నీళ్లను లోపలికి తీసుకుంటుంది, తిరిగి ఆరనివ్వదు. "పైన సిమెంటేస్తే దూలం కొన పుచ్చిపోతాది సార్" అని మా మేస్త్రి అంటూనే ఉంటాడు, అది నిజం. పరీక్ష సులువు: గోడకు జానెడు దూరంలో దూలం మీద సుత్తితో తట్టాలి. బొంగురుగా పలికితే ఆరు మిల్లీమీటర్ల డ్రిల్లు దించి చూడాలి. గట్టి టేకు అయితే పొడిగా, చుట్టలు చుట్టుకున్న తురుము వస్తుంది. పుచ్చినదైతే నల్లటి తడి పొడి రాలుతుంది.

కొన ఒక్కటే పోయిన దూలాన్ని మొత్తం మార్చక్కర్లేదు. కింద జాకీలు పెట్టి బరువు ఎత్తిపట్టి, పుచ్చిన భాగం కోసి, రెండు పక్కలా ఇనుప ఛానళ్లు బోల్టులతో బిగించి గోడలోకి పంపాలి. కొన చుట్టూ వేలెడు సందు వదలాలి, గాలి ఆడకపోతే మళ్లీ అదే కథ.

పైన సిమెంటు పూత తీసేశాక కొత్త సున్నపు కాంక్రీటు. ఇటుక కంకర రెండున్నర పాళ్లు, గానుగ సున్నం ఒక పాలు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క దిమ్మెలతో కొడుతూ పోవాలి. దిమ్మె దెబ్బకు గుంట పడకుండా, చెయ్యి వెనక్కి ఎగిరితే బిగిసినట్టు. ఈ చోట తొందరపడే మేస్త్రి వద్దే వద్దు. పని జనవరి, మార్చి మధ్యలో పెట్టుకోవాలి. ఏప్రిల్ ఎండల్లో సున్నం తొందరగా ఆరి బీటలిస్తుంది. తప్పనిసరైతే తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి.

ఆస్‌బెస్టాస్ రేకుల దగ్గర వేరే జాగ్రత్త. సుత్తితో పగలగొట్టడం కూలీల అలవాటు, కానీ ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత ప్రాణాల మీదికి తెస్తుంది. రేకు తడిపి, కొక్కెం నట్లు విప్పి, నిండు రేకుగానే దించాలి. మనుషులకు మామూలు గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 కూడా చాలదు, పీ100 ఫిల్టరున్న రెస్పిరేటర్ ఉండాలి.

ఇక్కడే చాలామంది ఇంజినీర్లు చూడని విషయం ఒకటుంది. ఆరు మిల్లీమీటర్ల ఆస్‌బెస్టాస్ రేకు చదరపు మీటరుకు ఇంచుమించు 13 కిలోలు. బదులు వేసే అర మిల్లీమీటరు జింకు-అల్యూమినియం పూత రేకు ఐదు కిలోలకు లోపే. ఇన్నాళ్లూ కప్పును గాలికి లేవకుండా నొక్కిపట్టింది ఆ బరువే. తుపాను గాలి వస్తే తేలిక కప్పును ట్రస్సుతో సహా పైకి లాగుతుంది. అందుకే కొత్త రేకు వేసే ముందు ట్రస్సు పాదాల దగ్గర బోల్టులు తుప్పు గీకి చూసుకోవాలి, అనుమానమున్నవి మార్చాలి. రేకు కింద రెండంగుళాల రాక్‌వూల్ పరచకపోతే వాన చప్పుడులో మాట వినపడదు.

ఆపరేటర్ గదిలో పాత ప్రొజెక్టరు దీపంలో మండే కార్బన్ కడ్డీల పొగ పోయే గొట్టం, కిటికీలకు అడ్డంగా జారే ఇనుప తలుపులు తీసెయ్యమంటారు. తియ్యకండి. ఆ తలుపులు ఫిల్ము అంటుకుంటే మంట హాల్లోకి రాకుండా పెట్టినవి, హాలు చరిత్రలో వీటికన్నా విలువైన భాగం దొరకదు. గొట్టం పైమూతకు మాత్రం కొత్త టోపీ పెట్టించాలి, వాన నేరుగా దిగేది అందులోంచే.

లైసెన్సు మురిగిపోయిన హాలు మళ్లీ ఆడాలంటే బి-ఫారం, అంటే సినిమా ఆడించే లైసెన్సు, కావాలి. దానికి ఆర్ అండ్ బీ ఇంజినీరు కట్టడం పటిష్ఠత పత్రం, విద్యుత్ తనిఖీ, అగ్నిమాపక శాఖ అనుమతి జతచెయ్యాలి. దూలాలకు, ట్రస్సు బోల్టులకు పని ముందు, తర్వాత తీసిన ఫోటోలు, తేదీలు వేసుకుని ఫైల్లో పెట్టుకుంటే కట్టడం పరీక్షకు వచ్చిన ఇంజినీరు అడిగే ప్రశ్నలకు జవాబు చేతిలోనే ఉంటుంది.