డిస్కు నొప్పికి ఎవల దగ్గరికి పోవాలె

హన్మకొండల నడుం నొప్పి అని నోరు తెరిస్తే చాలు, ఎదురుంగ ఉన్న మనిషి దగ్గర ఒక అడ్రస్ రెడీగ ఉంటది. మా మేనమామ నూనె పోపిచ్చుకో అంటడు, ఆఫీసుల పక్క సీటు మేడం ఫిజియో అంటది, కాజీపేట బాబాయి కట్టు కట్టేటాయన నంబర్ పంపిండు, మా తమ్ముని దోస్తేమో అన్నా మిషన్ మీద పండవెట్టి వెన్నుపూస సాగదీస్తరు, డిస్కు లోపల్కి పోతది, ఆపరేషన్ ముచ్చటే ఉండది అన్నడు. నాకు ఎల్5-ఎస్1 కాడ, అంటే నడుం అడుగు చివర, డిస్కు (పూసల నడుమ ఉండే మెత్తటి దిండు) బయటికొచ్చి ఎడమ కాలు నరాన్ని ఒత్తుతుందని తేలినప్పటి నుంచి ఇవన్నీ విని, చదివి, డాక్టర్లను సతాయించి తెలుసుకున్నది రాస్తున్న. నేనైతే డాక్టర్ను కాదు.

వీళ్ళల్ల ఎవలూ అబద్ధం చెప్తలేరు, అసలు తిరకాసు అక్కడనే ఉంది. డిస్కు వల్ల కాలు గుంజుడు చానామందికి ఆరు నుంచి పన్నెండు వారాలల్ల దానంతటదే తగ్గుముఖం పడ్తది. బయటికొచ్చిన ముక్కను ఒంట్లె ఉన్న రక్షణ కణాలే మెల్లమెల్లగ తినేస్తయి, పైగా చిన్న ఉబ్బు కంటే పెద్దగ బయటపడ్డ ముక్కనే ఎక్కువ కరుగుతదట. మొదటి వారం గోలీలు, తర్వాత ఫిజియో, ఆ తర్వాత నూనె, అప్పటికీ పోలేదని కట్టు, ఇట్ల తిరుగుకుంట ఎనిమిదో వారంల ఎవల దగ్గరుంటే పేరంతా ఆయనకే పోతది. అందుకే ఊర్ల ఒక్కొక్కలకు ఒక్కో దేవుడు.

ఎంఆర్ఐ రిపోర్టు గురించి కూడ ఒక మాట. ఏ నొప్పీ లేనోళ్ళను స్కాన్ చేసి చూస్తే 20 ఏండ్లోళ్ళల్ల దాదాపు 30 శాతం మందికి, 80 ఏండ్లోళ్ళల్ల 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనవడ్డది. గందుకని కాయితం మీద బల్జ్ అని ఉంటే నా నడుము విరిగిపోయింది అన్నట్టు కూసోవద్దు, మన నొప్పికీ ఆ బొమ్మకూ పొత్తు కుదురుతుందో లేదో డాక్టర్ కాలు లేపి, పాదం బలం చూసి చెప్పాలె.

నొప్పి గోలీలు కొన్ని రోజులకు సరే, కడుపుల మంట, బీపీ, కిడ్నీ సమస్య ఉన్నోళ్ళు అడగకుండ మింగొద్దు. మనకాడ చీటీ మీద చానాసార్లు కనవడే నరాల నొప్పి గోలీ ప్రెగాబలిన్ ముచ్చట చూస్తే, 2017ల అచ్చయిన ఆస్ట్రేలియా పరీక్షల సయాటికా నొప్పికి (నడుం కాడి నరం ఒత్తుకొని కాలు గుంజుడు) డమ్మీ గోలీ కంటే అదేం ఎక్కువ తగ్గించలే, తల తిరుగుడు మాత్రం ఎక్కువైంది. అట్లని ఇప్పటికే వాడుతున్నోళ్ళు సడెన్‌గ ఆపొద్దు, డాక్టర్‌ను అడిగి మెల్లగ తగ్గియ్యాలె.

నేను నిలబడ్డది ఫిజియో మీద. ఎందుకంటే మిగతావన్నీ మనల్ని పండవెట్టి చేసేటియి, ఇది మనతోని చేపిచ్చేది. న్యూజిలాండ్ ఫిజియో రాబిన్ మెకెంజీ 1950లల్ల మొదలువెట్టిన పద్ధతి ఒకటుంది, బోర్ల పండుకొని చేతుల మీద ఛాతి లేపుడు లాంటియి. దీంట్ల నాకు బాగా పనికొచ్చిన గుర్తు ఏందంటే, పిక్కల నొప్పి తొడకు, తొడ నుంచి నడుముకు ఎక్కుతుంటే మంచి లక్షణం, అప్పుడు నడుముల జర ఎక్కువైనా భయపడొద్దు. అదే నొప్పి కిందికి దిగుతుంటే ఆ ఎక్సర్‌సైజ్ ఆపెయ్యాలె. అందరికీ వెనక్కి వంగుడే పడదు, నరాల దారి సన్నబడ్డ పెద్దోళ్ళకు ముందుకు వంగితేనే హాయి ఉంటది, గందుకే యూట్యూబ్ల చూసి చెయ్యొద్దు. దాంతోపాటు పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడక. నెలంత మంచం మీద పండుకునుడు పాత మాట, ఇప్పుడు ఒకటి రెండు రోజులకు మించి వద్దనే అంటున్నరు. అయితే ఎనుమాముల మార్కెట్ల బస్తాలు మోసే హమాలీకి ‘బరువులు ఎత్తొద్దు’ అని రాసిస్తే ఆయన ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతదో ఏ గైడ్‌లైన్లూ చెప్పయి.

మిషన్ సెంటర్ కూడ పోయి చూసిన. నా స్కాన్ తెరవకముందే నెల రోజుల ప్యాకేజీ, ముందే కట్టాలె, మధ్యల తగ్గితే పైసలు వాపస్ రావు అన్నరు. లేచి వచ్చిన. బ్రిటన్ల డాక్టర్లకు నైస్ సంస్థ 2016ల ఇచ్చిన గైడ్‌లైన్లల్ల నడుం నొప్పికి, సయాటికాకు ట్రాక్షన్, అంటే ఇట్ల వెన్ను సాగదీసుడు, ఇయ్యొద్దనే ఉంది.

మేనమామ చెప్పిన నూనె పోసుడు, అంటే ఆయుర్వేదంల కటి బస్తి, మాత్రం తీసిపారేయను. మినుప పిండితోని నడుం మీద కట్ట కట్టి గోరువెచ్చని నూనె నిలవెడ్తరు, పట్టేసిన కండ వదులైతది, ఆ పూట నిద్ర వడ్తది. డిస్కును లోపల్కి నెడ్తది అంటే మాత్రం నమ్మను. వరంగల్ల అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఆస్పత్రి ఉండంగ బోర్డు చూసి ఎటో పోవాల్సిన పని లేదు. షుగర్‌తోని చర్మం మొద్దుబారినోళ్ళు కాపడానికి జాగ్రత్త, కాలినా తెల్వది. ఇగ నడుము మీదెక్కి తొక్కుడు, గుంజి తిప్పుడు, కాలుల తిమ్మిరి ఉన్న మనిషి అస్సలు ఒప్పుకోవద్దు.

వెన్నుల స్టెరాయిడ్ ఇంజెక్షన్ నడుం నొప్పికి కాదు, కాలు నొప్పి భరించలేనంత ఉన్నప్పుడు. కొన్ని వారాలు ఊపిరి తీసుకోనిస్తది, ఆ గ్యాప్ల ఎక్సర్‌సైజ్ మొదలువెడ్తే లాభం. షుగర్ ఉంటే కొన్ని రోజులు పెరుగుతది, ముందే చెప్పాలె.

ఆపరేషన్ అంటే నాకూ గుబులే, గానీ దాన్ని భూతం చేయొద్దు. నెదర్లాండ్స్‌ల 2007 పరీక్షల జల్ది ఆపరేషన్ చేపిచ్చుకున్నోళ్ళకు కాలు నొప్పి తొందరగ పోయింది, ఏడాది తిరిగేసరికి ఆగినోళ్ళూ వీళ్ళూ ఒక్క తీరుగనే ఉన్నరు, ఆగినోళ్ళల్ల 39 శాతం మంది మాత్రం ఏడాది లోపలనే ఆపరేషన్‌కే పోయిన్రు. అంటే నొప్పి ఒక్కటే ఉంటే ఎంచుకునే టైం మన చేతుల ఉంది. మూత్రం ఆగిపోయినా, తెల్వకుండ పోతున్నా, కూసునే జాగ మొద్దుబారినా, పాదం లేవక చెప్పు జారిపోతున్నా ఆ టైం లేదు. అప్పుడు ఫిజియో వద్దు, నూనె వద్దు, రేపు పొద్దున చూద్దాం వద్దు, ఆ రాత్రికి ఆ రాత్రే వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎం అయినా సరే, ఏ పెద్దాస్పత్రి ఎమర్జెన్సీ అయినా సరే పోవాలె.