పరగడుపు గంట

నాకు ప్రోస్టేట్ క్యాన్సర్. దాన్ని పెంచే మగ హార్మోన్‌ని తగ్గించడానికి మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్‌తో రెండున్నరేళ్లు బాగానే గడిచాయి. పీఎస్ఏ, అంటే ఆ క్యాన్సర్ జోరు రక్తంలో చూపే లెక్క, 0.3కి దిగింది. ఆ తర్వాత 0.9, ఆపైన 2.4, ఆఖరికి 5.1. రిపోర్టు కవరు చింపాలంటేనే చేతులు వణికేవి.

డాక్టరు గారు ముందుగా ఆ మగ హార్మోన్, టెస్టోస్టిరాన్, పరీక్ష రాశారు. ఇంజెక్షన్ మీద ఉన్నవాళ్లకి 50కి లోపు ఉండాలి, నాకు 14 వచ్చింది. అంటే ఇంజెక్షన్ దాని పని అది చేస్తూనే ఉంది. అయితే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు కూడా కొంత హార్మోన్ చేస్తాయట, పైగా కణితి తనకు కావలసింది తనే తయారు చేసుకోగలదట. స్కాన్‌లో వెన్నులో రెండు క్యాన్సర్ మచ్చలు, తుంటి ఎముకలో ఒకటి కనిపించాయి.

"అయితే ఇంజెక్షన్ మానేయమంటారా సార్?" అనడిగాను.

"మానకూడదండీ. అది ఉండాలి, దానికి తోడు ఇది."

ఇది అంటే అబిరాటిరోన్, అడ్రినల్ గ్రంథుల్లో, కణితిలో కూడా ఆ హార్మోన్ తయారు కాకుండా ఆపే మందు. రోజుకి 250 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, పరగడుపున. వేసుకున్నాక గంట దాకా ఏమీ తినకూడదు. తింటే మందు రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుంది. ఈ సంగతి సరిగా చెవిన పడక మొదటి వారం ఇడ్లీ తినేసి వేసుకున్నాను. తెలిశాక ఎంత భయపడ్డానో!

మా కోడలికి అప్పుడు ఐదో నెల. రోజూ తనే మాత్రలు వలిచి, చిన్న స్టీలు గిన్నెలో వేసి, "మామయ్యగారూ, నీళ్లు" అంటూ తెచ్చేది. కడుపుతో ఉన్నవాళ్లు ఆ మాత్రలు ఉత్తి చేతులతో ముట్టుకోకూడదని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే డబ్బా బీరువా పై అరలోకి ఎక్కించాను. ఇలాంటిది మందు ఇచ్చేటప్పుడే ఇంటిల్లిపాదికీ చెప్పాలి.

ఇప్పుడు ఐదింటికి మాత్రలు మింగి ఆర్కే బీచ్‌కి నడక. ఒంట్లోంచి ఆవిరి పొంగినట్టు చెమటలు పోస్తాయి. మే నెలలో విశాఖ ఉక్కపోత అనుకునేవాణ్ణి, సంక్రాంతికీ అంతే. తిరిగొచ్చి టిఫిన్ తిన్నాకే, ఆ మందుకి తోడుగా ఇచ్చిన స్టెరాయిడ్ మాత్ర. మధ్యలో పొటాషియం పడిపోయి, మెట్లెక్కుతుంటే కాళ్లు లాగేసేవి, దానికీ మందిచ్చారు. బీపీ కోసం ఆవకాయ తగ్గించాను, అది మాత్రం నిజంగా కష్టం.

"హార్మోన్ మందుకి లొంగలేదంటే ఇక మందే లేదటగా" అని ఓ బంధువు మా ఆవిడతో అన్నాడు. ఆవిడ ఆ రాత్రంతా ఏడ్చింది. లొంగనిది ఒక్క ఇంజెక్షన్‌కే. దీని తర్వాత కీమో ఉంది, ఇంకా వేరే మందులున్నాయి.

మూడు నెలలకి పీఎస్ఏ 1.2. మనవరాలికి ఇప్పుడు నాలుగో నెల. నా నడక అయ్యేసరికి లేచి, గుమ్మం వైపే చూస్తూ ఉంటుంది.