విశాఖ సర్వరుకు హైదరాబాదులో నకలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలో తీరం దాటినప్పుడు, నేను చూసుకుంటున్న ఒక డయాగ్నస్టిక్ సెంటరులో సర్వరు, దాని బ్యాకప్ డిస్కు ఒకే గదిలో, ఒకే అరలో ఉన్నాయి. కిటికీ అద్దం పగిలి, వాన నీరు రెండింటి మీదా పడింది. ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అది వచ్చి, ఆరబెట్టిన డిస్కు మళ్లీ తిరిగేవరకు, రోగుల స్కాన్లు ఉన్నాయో పోయాయో డాక్టరుగారికి చెప్పలేకపోయాను. అదృష్టవశాత్తు ఉన్నాయి. రెండో నకలు వేరే ఊళ్లో ఉండితీరాలని ఆ వారమే నిర్ణయించుకున్నాము.

హైదరాబాదులో డాక్టరుగారి బంధువుల ఆఫీసులో యంత్రాన్ని పెట్టించి, ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం చాలనుకున్నాను. కానీ 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండమే హైదరాబాదును కూడా ముంచెత్తింది. ఒకే వాయుగుండం రెండు చోట్లకూ రాగలదని అర్థమయ్యాక ఆ యంత్రాన్ని కింది గది నుంచి మూడో అంతస్తుకు మార్పించాను.

ఇప్పుడు రెండు చోట్లా, డిస్కు మీద ఫైళ్లను అమర్చి ఉంచే జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ నడుస్తోంది. విశాఖలో పావుగంటకొక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే నమోదు) తీస్తాము. గంటకొకసారి, గతసారి వెళ్లిన స్నాప్‌షాట్ తరువాత మారిన బ్లాకులు (డేటా ముక్కలు) మాత్రమే హైదరాబాదుకు వెళ్తాయి. మొదటి పూర్తి నకలును మాత్రం లైను మీద పంపలేదు. నాలుగు టెరాబైట్లు 50 ఎంబీపీఎస్ అప్‌లోడులో వెళ్లాలంటే రాత్రింబవళ్లు ఏడు రోజులకు పైగా పడుతుంది. అందుకే డిస్కును బ్యాగులో పెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

మార్పులు మాత్రమే పంపాలంటే రెండు వైపులా ఉమ్మడిగా ఒక స్నాప్‌షాట్ మిగిలి ఉండాలి. ఒక వానాకాలం లైను తొమ్మిది రోజులు తెగిపోయింది. విశాఖలో పాత స్నాప్‌షాట్లను ఏడు రోజులకే తీసివేసే స్క్రిప్టు తన పని తాను చేసుకుపోవడంతో ఆ ఉమ్మడి స్నాప్‌షాట్ కూడా పోయింది. నేను మళ్లీ డిస్కుతో రైలెక్కవలసి వచ్చింది. ఇప్పుడు చివరగా పంపిన స్నాప్‌షాట్‌కు హోల్డ్ వేస్తాను, కనుక కొత్తది చేరేదాకా ఏ స్క్రిప్టూ దానిని తొలగించలేదు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది దిశ. విశాఖ నుంచి హైదరాబాదుకు పంపకూడదు, హైదరాబాదే వచ్చి తీసుకుపోవాలి. విశాఖ యంత్రంలోకి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము) చొరబడితే, హైదరాబాదు యంత్రంలోకి లాగిన్ అయ్యే డిజిటల్ తాళంచెవి కూడా అక్కడే ఉన్నప్పుడు రెండు నకళ్లూ ఒకే రాత్రి పోతాయి. అందుకే విశాఖలో హైదరాబాదుకు దారితీసే తాళంచెవి ఏదీ ఉంచలేదు. హైదరాబాదు వాడే ఖాతాకు విశాఖలో తొలగించే హక్కు ఇవ్వలేదు. పాతవి ఎంతకాలం ఉంచాలన్నది కూడా హైదరాబాదు తనంతట తానే నిర్ణయించుకుంటుంది. అక్కడ తొంభై రోజులు ఉంచుతున్నాము, ఎందుకంటే పొరపాటున చెరిపిన ఫైలు గంటలోపే అక్కడి తాజా నకలులోంచి కూడా మాయమవుతుంది. డేటా ఎన్‌క్రిప్ట్ అయిన రూపంలోనే వెళ్తుంది కాబట్టి ఆ ఆఫీసులో ఎవరూ రోగుల వివరాలు చదవలేరు. అయితే దానిని తెరిచే రహస్య పదం విశాఖ గదిలో మాత్రమే ఉంటే ఇంత శ్రమా వృథాయే, అందుకని కాగితం మీద రాసి బ్యాంకు లాకరులోనూ పెట్టాము.

రెప్లికేషన్ (మార్పులు ఎప్పటికప్పుడు రెండో యంత్రానికి చేరడం) ఉంది కదా అన్న ధీమా ఎంత దూరం తీసుకుపోతుందో, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సేవను నడిపే గిట్‌ల్యాబ్ సంస్థ 2017లో స్వయంగా ప్రచురించిన నివేదికలో ఉంది. ఆ ఏడాది జనవరి 31న, వెనుకబడిన రెండో డేటాబేసును సరిచేస్తూ ఒక ఇంజనీరు అసలు డేటాబేసు డైరెక్టరీనే చెరిపివేశారు. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అది లేదు: వారి డేటాబేసు సాఫ్ట్‌వేరు పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్ అయితే, బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది కావడంతో ప్రతిసారీ విఫలమవుతూ వచ్చింది, ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. వేరే పని కోసం సుమారు ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ వారిని ఆదుకుంది.

ఆ నివేదిక చదివాక, పంపేవైపు వచ్చే 'పూర్తయింది' అన్న సందేశాన్ని నమ్మడం మానేశాను. హైదరాబాదు యంత్రమే తన దగ్గరున్న తాజా స్నాప్‌షాట్ వయసు చూసి, రెండు గంటలు దాటితే నా ఫోనుకు కబురు పంపుతుంది. అది బతికే ఉందని రోజూ ఉదయం ఒక మెసేజి వస్తుంది. రాని రోజున నేనే ఫోను చేసి కనుక్కుంటాను.

మూడు నెలలకొకసారి రిహార్సల్ చేస్తాము. మొదటిసారి డేటాబేసు లేచింది కానీ స్కాన్ బొమ్మ ఒక్కటీ తెరుచుకోలేదు. ఒక కాన్ఫిగరేషన్ ఫైలులో విశాఖ యంత్రం ఐపీ చిరునామా నేరుగా రాసి ఉంది. దానిని పట్టుకోవడానికే సగం రోజు పోయింది. తరువాత ఆ చిరునామా స్థానంలో పేరు పెట్టి, డీఎన్ఎస్ (పేరుకు చిరునామా చెప్పే వ్యవస్థ) ఇచ్చిన పాత జవాబు చెల్లే గడువును అయిదు నిమిషాలకు తగ్గించాను. ఇప్పుడు నలభై నిమిషాల్లో పాత రిపోర్టు ఒకటి తెరిచి చూడగలుగుతున్నాము.

పోయినసారి నేను కీబోర్డు ముట్టుకోలేదు. తుఫానులో నేనే చిక్కుకుపోతే ఎలాగని, హైదరాబాదు ఆఫీసులో అకౌంట్లు చూసే అమ్మాయికి నేను తెలుగులో రాసిన రెండు పేజీల కాగితం ఇచ్చి, పక్కన కూర్చున్నాను. మూడో మెట్టు దగ్గర ఆగి, "ఇందులో ఏ స్నాప్‌షాట్ తీసుకోవాలండీ?" అని అడిగింది. అది నేను రాయనేలేదు. ఆ వాక్యం చేర్చి, కొత్త కాగితాన్ని యంత్రం పక్కన గోడకు అతికించి వచ్చాను.