యాంటీబాడీ పరీక్షతో తేలిన నా కండరాల జబ్బు

జడ వేసుకోవడానికి చేతులు పైకి లేవకపోవడం, కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోవడం నన్ను బాగా భయపెట్టాయి. మొదటి రక్తపరీక్షల్లో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అనే ఎంజైములు ఎక్కువగా ఉన్నాయని కొంతకాలం కాలేయానికి మందులు ఇచ్చారు. ఆ ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయని, కండరం దెబ్బతిన్నా రక్తంలో పెరుగుతాయని హైదరాబాద్‌లోని రుమటాలజిస్టు (కీళ్లు, కండరాల రోగనిరోధక జబ్బులు చూసే డాక్టరు) చెప్పి, ప్రధానంగా కండరాల్లో ఉండే సీపీకే అనే ఎంజైము పరీక్ష చేయించారు. సుమారు 200 లోపు ఉండవలసిన ఆ అంకె నాకు వేలల్లో వచ్చింది. మెట్లెక్కలేని నీరసాన్ని వయసు మీదికి నెట్టేసే ఆడవాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. వారికి ఈ చవకైన పరీక్ష ముందే చేయించాలని నా గట్టి అభిప్రాయం.

తర్వాత, మన శరీరం తన కణాల మీదే తయారుచేసుకునే యాంటీబాడీలను వెతికే ఏఎన్ఏ పరీక్ష నెగటివ్ అని రాగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, డాక్టరుగారు అంతటితో వదలలేదు. ఆ పరీక్షలో ప్రధానంగా కణకేంద్రకాన్ని చూస్తారని, జో-1 వంటి యాంటీబాడీలు కేంద్రకం వెలుపల ప్రొటీన్ల తయారీకి తోడ్పడే ఎంజైములపై పనిచేస్తాయి కాబట్టి, అవి ఉన్నా ఏఎన్ఏ నెగటివ్‌గా రావచ్చని వివరించి మయోసైటిస్ ప్యానెల్ (రోగనిరోధక వ్యవస్థ కండరాలపై దాడి చేసే మయోసైటిస్ జబ్బులో కనిపించే పలు యాంటీబాడీలను ఒకేసారి చూసే పరీక్ష) రాశారు. సన్నని పట్టీ మీద ఒక్కో యాంటీజెన్‌ను (యాంటీబాడీ అతుక్కునే ప్రొటీన్‌ను) ఒక్కో గీతగా అమర్చి ఉంచుతారు. మన సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) దానికి సంబంధించిన యాంటీబాడీ ఉంటే ఆ గీత రంగు తేలుతుంది. నా రిపోర్టులో జో-1, ఆర్ఓ-52 బలమైన పాజిటివ్‌గా వచ్చాయి. పెద్దవారిలో క్యాన్సర్ కోసం కూడా వెతకవలసి వచ్చే టిఫ్-1 గామా, ఊపిరితిత్తులను వేగంగా దెబ్బతీయగల ఎండీఏ-5 నెగటివ్‌గా ఉన్నాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడినవారిలో కనిపించే హెచ్ఎంజీసీఆర్ యాంటీబాడీ చాలా ప్యానెళ్లలో ఉండదని, అవసరమైతే విడిగా చేయించాలని కూడా చెప్పారు.

లేతగా తేలిన గీత ఒక్కోసారి జబ్బు లేనివారిలోనూ కనిపిస్తుంది కాబట్టి, కాగితాన్ని పక్కన పెట్టి ఆయన నా చేతివేళ్లు చూశారు. గిన్నెల సబ్బు వల్ల అనుకున్న చూపుడువేలి పక్క పగుళ్లు, ఎంతకీ తగ్గని పొడిదగ్గు జో-1తో సరిపోలాయి; ఛాతీ సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తులకూ జబ్బు పాకినట్టు బయటపడింది. ఆ గీత వల్లే దగ్గును సకాలంలో పట్టించుకున్నారని నేను నమ్ముతున్నాను.

స్టెరాయిడ్‌తో పాటు, రోగనిరోధక వ్యవస్థను అణిచే మైకోఫెనొలేట్ మొదలుపెట్టారు. ప్యానెల్ మళ్లీ అక్కర్లేదన్నారు. సీపీకే, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష మాత్రం క్రమం తప్పకుండా చేయించుకుంటున్నాను.