చిరునామా చదవడం వచ్చాకే ఇంటర్నెట్ వచ్చింది

పెద్ద వయసులో ఇంటర్నెట్ నేర్చుకోవడం మొదలుపెట్టిన నాకు మౌస్ పట్టుకోవడం, ట్యాబ్ తెరవడం, మూయడం వంటి పనులు త్వరగానే చేతికి అలవాటయ్యాయి. తెర మీద కనిపిస్తున్నది ఎవరు పెట్టినది, ఎక్కడి నుంచి వస్తున్నది అన్నది మాత్రం చాలాకాలం అంతుపట్టలేదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజర్లు పేజీలను తెచ్చి చూపించే ప్రోగ్రాములని, గూగుల్, బింగ్ వంటివి ఏ పేజీ ఎక్కడుందో వెతికిపెట్టే సెర్చ్ ఇంజిన్లని విడదీసి చెప్పేవారు అరుదు. పైగా ఇప్పటి బ్రౌజర్లలో చిరునామా రాసినా, వెతకాల్సిన మాట రాసినా పైనున్న ఆ ఒక్క పెట్టెలోనే కనుక ఈ తేడా కొత్తవారికి కంటికి ఆనదు.

నాకు దారి చూపింది ఆ పెట్టెలోని చిరునామాయే. తెలుగు వికీపీడియా చిరునామా 'టీఈ డాట్ వికీపీడియా డాట్ ఓఆర్‌జీ'. చిరునామా ముందుండే జంట ఏటవాలు గీతల (//) తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత (/) దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమవైపుకు చదివితే సైటు ఎవరిదో తెలుస్తుంది. ఇక్కడ అసలు పేరు 'వికీపీడియా డాట్ ఓఆర్‌జీ', 'టీఈ' అందులో తెలుగు విభాగం. అదే 'వికీపీడియా డాట్ ఓఆర్‌జీ డాట్ ఫలానా డాట్ కామ్' అని ఉంటే, మొదట్లో ఎంత పేరున్న మాట కనిపించినా ఆ సైటు ఫలానా వారిదే. 'సీఓ డాట్ ఇన్', 'జీఓవీ డాట్ ఇన్' వంటి ముగింపులు ఉన్నప్పుడు వాటికి ముందున్న ముక్కను కూడా కలిపి చూసుకోవాలి. ఈ చదువు పట్టుబడ్డాక మోసపు లింకులను గుర్తించడం నాకు చాలావరకు సులువైంది.

చిరునామా పక్కనుండే తాళం గుర్తు మీద నాకు మొదటి నుంచీ అంత గురి లేదు. మనకూ ఆ సైటుకూ మధ్య సాగే సమాచారాన్ని దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే అది చెబుతుంది. సైటు నడిపేవారు మంచివారో కాదో చెప్పదు. జనం దాన్ని నమ్మకానికి గుర్తుగా పొరబడుతున్నారనే 2023లో క్రోమ్ ఆ బొమ్మను మార్చింది. నన్నడిగితే అది ఎప్పుడో చేయవలసిన పని.

వెతకడంలో మెలకువలు తర్వాత వచ్చాయి. పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచితే అదే వరుసలో ఆ మాటలున్న పేజీలు ముందుకు వస్తాయి. అక్కర్లేని మాటకు ముందు, ఖాళీ వదలకుండా, మైనస్ గుర్తు పెడితే అది ఉన్న పేజీలు తప్పుకుంటాయి. పొడవాటి పేజీలో కావలసిన మాట కోసం కంట్రోల్, ఎఫ్ మీటలను కలిపి నొక్కడం నేను రోజూ వాడే విద్య. ఫలితాల్లో పైవరుసన ప్రకటనలు కూడా ఉండవచ్చు కనుక, బ్యాంకు సైటును వెతికి తెరవడం నాకు ఇష్టం లేదు. పాస్‌బుక్కులో ఉన్న చిరునామాను ఒకసారి జాగ్రత్తగా టైపు చేసి, బుక్‌మార్కుగా దాచుకుని, ఎప్పుడూ అక్కడి నుంచే వెళుతున్నాను.